దాత చెయ్యి గుంజుకుంటే బడి నిలబడతదా?

2025 ఫిబ్రవరిల బ్రిటన్ ప్రధాని కీర్ స్టార్మర్ ఒక ప్రకటన చేసిండు. పేద దేశాలకు ఇచ్చే సాయాన్ని వాళ్ల జాతీయ ఆదాయంల 0.5 శాతం నుంచి 0.3 శాతానికి తగ్గిస్తమని, 2027కల్లా అది అమలైతదని చెప్పిండు. మిగిలిన పైసలు ఎటు పోతయంటే రక్షణ ఖర్చుకు. జర్మనీ, ఫ్రాన్స్, నెదర్లాండ్స్ కూడా అదే తొవ్వ పట్టినయి. అమెరికా అయితే యూఎస్ఎయిడ్ దుకాణమే బంద్ పెట్టింది.

అదే ఏడాది సెప్టెంబర్ల యునిసెఫ్ ఒక అంచనా ఇచ్చింది. ప్రపంచంల చదువుకు అందే సాయం 2026 నాటికి 320 కోట్ల డాలర్లు తగ్గుతది. 2023తోని పోలిస్తే నూటికి 24 వంతులు కోత. దాంతోని ఇంకో 60 లక్షల మంది పిల్లలు బడికి దూరమయ్యే ప్రమాదమున్నది. ఇప్పటికే 27 కోట్ల 20 లక్షల మంది పిల్లలు, యువకులు బడి బయట ఉన్నరు. కోత దెబ్బ ఎక్కువ పడేది ఆఫ్రికా దేశాల ప్రైమరీ బడుల మీదనే.

"గది వాళ్ల ముచ్చట, మనకేంది అన్నా?" అని మీరడగొచ్చు. మనకు సంబంధం ఉన్నది. ఇయ్యాల మన ఊరి బడిల కనవడే శానా వాటికి, ఎమ్మార్సీ బిల్డింగు, సీఆర్పీ కొలువు, గోడకు అతికించిన చార్టు, పిల్లల గుంపులల్ల కూసోబెట్టి చెప్పే పద్ధతి, వీటన్నిటికి మూలం యూరప్ పైసలతోని నడిచిన ప్రాజెక్టులల్ల ఉన్నది. ఆ పైసలు వచ్చుడు, పోవుడు రెండూ మనం చూసినం. ఇయ్యాల ఆఫ్రికాల ఏమైతదో తెలుసుకోవాలంటే నిన్న మన దగ్గర ఏమైందో చూస్తే చాలు. మన బడికి రేపు ఏమైతదో కూడా అండ్లనే అర్థమైతది.

ముందుగాల 1984 ముచ్చట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల ఏపీపీఈపీ అని ఒక ప్రాజెక్టు మొదలైంది. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు. పైసలు ఇచ్చింది బ్రిటన్ సర్కారుకు చెందిన ఓడీఏ. మొదట కొన్ని జిల్లాలల్ల, కొన్ని బడులల్ల చేసి చూసిండ్రు. తర్వాత మొత్తం 23 జిల్లాలకు పెంచిండ్రు. 1996 దాక నడిచింది. తరగతి గదులు కట్టుడు ఒక పని అయితే, అంతకన్నా పెద్ద పని సార్లకు, మేడాలకు ట్రైనింగ్ ఇచ్చుడు. పిల్లగాడు చేతులతోని చేసి నేర్చుకోవాలె. ఊర్ల దొరికే రాళ్లు, గింజలు, ఆకులే పాఠానికి సామాను కావాలె. ఒక్కొక్క పిల్ల తెలివి ఒక్కొక్క తీరుగ ఉంటదని సారు గుర్తువెట్టుకోవాలె. పిల్లలు చేసింది గోడ మీద పెట్టాలె. చుట్టుపక్కల బడుల సార్లు అప్పుడప్పుడు ఒక టీచర్ సెంటర్ల కలిసి ముచ్చట పెట్టుకోవాలె.

నేను ప్రైమరీల చదివేటప్పుడు మా సారు ట్రైనింగ్‌కు పోయి వచ్చినంక గది ఆ మూల నుంచి ఈ మూలకు సుతిలి తాడు కట్టిండు. మేం గీసిన బొమ్మలన్ని దానికి ఏలాడగట్టిండు. అంతకుముందు ఆ గోడల మీద నల్లబోర్డు తప్ప ఏమీ లేకుండె. ఆ తాడు వెనుక లండన్ పైసలున్నయని అప్పుడు మాకెవ్వరికి తెల్వదు. ఆ పద్ధతి మంచిది. విదేశీ పైసలంటే అంతా కుట్రే అని కొట్టిపారేసే మాట నేను ఒప్పుకోను.

తర్వాత డీపీఈపీ వచ్చింది, జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం. దాని పుట్టుక తెలుసుకోవాలంటే 1990కి పోవాలె. ఆ ఏడాది మార్చిల థాయ్‌లాండ్‌ల జోమ్‌టియన్ అనే ఊర్ల అందరికీ విద్య మీద ప్రపంచ సదస్సు జరిగింది. మరుసటి ఏడాదే మన దేశం విదేశీ మారకం లేక బంగారం కుదువ పెట్టుకునే కాడికి వచ్చింది. సర్కారు ఖర్చులు తగ్గించుడు మొదలువెట్టింది. అంతకుముందు ప్రైమరీ చదువుకు విదేశీ పైసలు పెద్దగ తీసుకోని ఢిల్లీ, అప్పుడు తలుపులు బార్లా తెరిచింది. 1994ల డీపీఈపీ 7 రాష్ట్రాల 42 జిల్లాలల్ల మొదలైంది. ఆడవాళ్ల అక్షరాస్యత దేశ సగటు కన్నా తక్కువున్న జిల్లాలకు ముందు ప్రాధాన్యం. 1991 లెక్కల ప్రకారం ఆ సగటు 39 శాతం.

ఎవరెవరు పైసలు ఇచ్చిండ్రో చూడుండ్రి. మధ్యప్రదేశ్‌కు యూరోపియన్ కమ్యూనిటీ 15 కోట్ల ఎక్యూలు ఇచ్చింది. ఎక్యూ అంటే యూరో రాకముందు వాళ్ల లెక్క. గుజరాత్‌కు నెదర్లాండ్స్ ఇచ్చింది. మన దగ్గర వరంగల్, కరీంనగర్, కర్నూలు, నెల్లూరు, విజయనగరం, ఈ 5 జిల్లాలకు బ్రిటన్ ఇచ్చింది. తర్వాత ఇంకో 14 జిల్లాలకు ప్రపంచ బ్యాంకు ఇచ్చింది. ఇండ్ల ఒక తేడా ఉన్నది. యూరప్ దేశాలు ఇచ్చింది గ్రాంటు, తిరిగి కట్టే పని లేదు. ప్రపంచ బ్యాంకు ఇచ్చింది వడ్డీ తక్కువున్న అప్పు, కట్టాల్సిందే. పేపర్ల "విదేశీ నిధులు" అని ఒక్క మాటల రాస్తరు గని రెండూ ఒక్కటి కావు.

డీపీఈపీ నియమాలు చదివితే కొన్ని గట్టిగనే ఉండె. ప్రాజెక్టు పైసలల్ల నూటికి 24 రూపాయల కన్నా ఎక్కువ బిల్డింగులకు పెట్టొద్దు, తర్వాత దీన్ని 33కు పెంచిండ్రు. మేనేజ్‌మెంట్‌కు 6 రూపాయలు దాటొద్దు. ఇంకొకటి అన్నిటికన్నా ముఖ్యం: బయట పైసలు వచ్చినయి గదా అని రాష్ట్రం తన సొంత ఖర్చు తగ్గించుకోవద్దు. ధరలు పెరిగిన లెక్క తీసినా పాత ఖర్చు పాతట్లనే ఉండాలె. ఈ నియమం ఎందుకు పెట్టిండ్రంటే సర్కార్లకు ఆ గుణం ఉన్నదని అందరికి తెలుసు. పక్కింటోడు బియ్యం పంపిండని మన ఇంట్ల పొయ్యి ఆర్పుకునుడు అన్నట్టు.

మరి ఆ గుణం పోయిందా? పోలేదు. వేరే తొవ్వల వచ్చింది. బడులు పెరిగినయి, పేర్లు రాసుకున్న పిల్లలు పెరిగిండ్రు, గని పర్మినెంట్ సార్లు దానికి తగ్గట్టు పెరగలే. మధ్యప్రదేశ్‌ల 1997 జనవరి 1 నుంచి విద్యా హామీ పథకం పెట్టిండ్రు. కిలోమీటరు దూరంల బడి లేని ఊరోళ్లు అడిగితే 90 రోజులల్ల బడి ఇస్తమన్నరు. 40 మంది పిల్లలుంటే చాలు, గిరిజన ప్రాంతమైతే 25 మంది. మాట నిలబెట్టుకున్నరు, వేల బడులు వచ్చినయి. అండ్ల చెప్పే గురూజీకి మాత్రం మొదట్ల నెలకు 500 రూపాయలు. మన దగ్గర విద్యా వాలంటీర్లు వచ్చిండ్రు. ఇది యూరపోళ్లు పెట్టిన షరతు అని నేననను. జీతాల బరువు దించుకోవాలని చూసింది మన సర్కార్లే. గని ఏడేండ్లకు అయిపోయే ప్రాజెక్టు పైసలతోని ముప్పై ఏండ్ల కొలువు ఎవ్వడూ ఇయ్యడు. పైసలకు గడువుంటే కొలువుకు కూడా గడువే ఉంటది.

ఇంటర్ అయినంక నేను ఒక తండా బడిల ఏడాది వాలంటీరుగ చేసిన. రెగ్యులర్ సారు జీతంల చిన్న ముక్క నాది, అది కూడా నెలల తరబడి ఆగి ఒక్కసారి వచ్చేది. వేసవి సెలవులకు పైసలు లేవు. జూన్‌ల మళ్ల తీసుకుంటరో లేదో తెల్వదు. పిల్లలకు మాత్రం నేనే సారును. ఏ పిల్లకు లంబాడి మాటల చెప్తే లెక్క అర్థమైతదో, ఏ పిల్ల తమ్ముని ఎత్తుకొని బడికి వస్తదో, అది తెలిసేసరికి నాకు ఆరు నెలలు పట్టింది. మరుసటి ఏడాది నా జాగల ఇంకో పిల్లగాడు వచ్చిండు. ఆయన మళ్ల మొదటి నుంచి మొదలువెట్టాలె. అక్కడ నష్టపోయింది నేను ఒక్కన్నే కాదు.

ఇగ పైసలు ఒక్కసారి ఆగితే ఏమైతదో చెప్పే కథ రాజస్థాన్‌ల ఉన్నది. 1992ల అక్కడ లోక్ జుంబిష్ అనే కార్యక్రమం మొదలైంది. కేంద్రంల విద్యా శాఖ కార్యదర్శిగ చేసిన అనిల్ బోర్డియా దానికి పెద్ద దిక్కు. ఖర్చుల 3 వంతులు స్వీడన్‌ది, 2 వంతులు కేంద్రానిది, 1 వంతు రాష్ట్రానిది. వాళ్లు చేసిన పని మెచ్చుకోదగ్గది. ఊరోళ్లే కూసోని ఊరి పటం గీసేటోళ్లు. ఏ ఇంటి పిల్ల బడికి పోతలేదో ఆ ఇంటి మీద గుర్తు పెట్టేటోళ్లు. ఆడవాళ్ల గుంపులు ఆ ఇండ్లకు పోయి మాట్లాడేటివి. బడి ఏడ కట్టాలో, ఎట్ల బాగు చేయాలో ఊరే నిర్ణయించేది.

1998 మేల మన దేశం అణు పరీక్షలు చేసింది. ఏడ? అదే రాజస్థాన్‌ల, పోఖ్రాన్‌ల. స్వీడన్ కోపానికి వచ్చి మన దేశంతోని ఉన్న సాయం ఒప్పందం రద్దు చేసింది. లోక్ జుంబిష్‌కు వచ్చే పైసలు జూన్ నెలాఖరుకే ఆగినయి. ఖర్చుల సగం ఇచ్చేటోడు ఒక్క నెల రోజులల్ల ఎల్లిపోయిండు. బాంబు పేల్చింది ఢిల్లీ, కోపం వచ్చింది స్టాక్‌హోమ్‌కు, దెబ్బ తగిలింది రాజస్థాన్ పల్లెల ఆడపిల్లల బడికి. తర్వాత బ్రిటన్ పైసలతోని మళ్ల నడిపిండ్రు గని, చివరికి అది సర్వ శిక్షా అభియాన్‌ల కలిసిపోయింది. లోక్ జుంబిష్ అనే పేరు మిగలలేదు.

ఇప్పుడు స్టార్మర్ ప్రకటన మళ్ల చదువుండ్రి. అప్పుడు మన బాంబు చూసి యూరప్ సాయం ఆపింది. ఇప్పుడు యూరప్ తన ఫౌజుకు పైసలు కావాలని సాయం కోస్తున్నది. కారణం ఏదైనా, బడిల కూసున్న పిల్లను ఎవ్వరూ అడగలేదు.

అయితే మన దేశం కూలిపోకుండ ఎట్ల నిలబడ్డది? సాయం కన్నా సొంత పన్ను పెద్దదైంది గనుక. లెక్క చూడుండ్రి. సర్వ శిక్షా అభియాన్ 2001ల మొదలైంది. దానికి ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు 50 కోట్ల డాలర్ల అప్పు, బ్రిటన్, యూరోపియన్ కమిషన్ గ్రాంట్లు ఇచ్చినయి. కమిషన్ వాటా 20 కోట్ల యూరోలు, అప్పటి మారకం లెక్కల సుమారు 1,100 కోట్ల రూపాయలు, అది కూడా కొన్నేండ్లకు కలిపి. 2004ల కేంద్రం పన్నుల మీద 2 శాతం విద్యా సెస్సు వేసింది. ఏడాదికి 4,000 నుంచి 5,000 కోట్లు వస్తయని ఆనాటి ఆర్థిక మంత్రి చిదంబరం బడ్జెట్ ప్రసంగంల చెప్పిండు. అంటే యూరప్ ఏండ్లకు ఏండ్లు కలిపి ఇచ్చిన దానికన్నా ఎక్కువ, మనం ఒక్క ఏడాదిల కట్టినం. మీరు సెల్‌ఫోన్ రీచార్జ్ చేసినప్పుడు, ఆ పన్నుల మీద ఈ సెస్సు కూడా పడ్డది. బడి పైసలు ఎవ్వడో దాత పెట్టినయి కావు, మనయే.

పన్నుకు తోడు చట్టం కూడా వచ్చింది. 1993ల ఉన్నికృష్ణన్ కేసుల సుప్రీంకోర్టు 14 ఏండ్ల దాక చదువు ప్రాథమిక హక్కు అని తీర్పు ఇచ్చింది. ఆ కేసుల ఎదుటి పక్షం ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. 2002ల రాజ్యాంగ సవరణ, 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యా హక్కు చట్టం అమలు. బ్రిటన్ మనకు ఆర్థిక సాయం 2015కల్లా ఆపుతమని 2012ల ప్రకటించింది. అప్పటికి మన బడి సాయం మీద కాదు, చట్టం మీద నిలబడి ఉన్నది. అందుకే ఆ పైసలు పోయినా ఊర్ల ఎవ్వరికీ తెలియలేదు. ఇయ్యాల కోత పడుతున్న దేశాలల్ల శానా వాటికి ఆ సొంత పన్నుల బలం లేదు. వాళ్లకు, మనకు తేడా అదే.

అట్లని మనం గెలిచినమని సంబురపడే రోజు కాదు. దాత పోయిండు గని దాత గుణం పోలేదు. ఇప్పుడు ఆ కుర్చీల ఢిల్లీ కూసున్నది. సమగ్ర శిక్షల కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. పీఎం శ్రీ ఒప్పందం మీద సంతకం పెట్టలేదని 2024-25కు తమకు రావాల్సిన 2,000 కోట్లకు పైగ పైసలు ఆపిండ్రని తమిళనాడు సుప్రీంకోర్టుకు పోయింది. ఆ పైసలు తమిళనాడు జనం కట్టిన పన్నులల్లవి కూడా. స్వీడన్ చేసింది విదేశం పని, మరి ఇదేంది?

ప్రాజెక్టు కొలువుల ముచ్చట కూడా అట్లనే ఉన్నది. డీపీఈపీ కాలంల మండలానికి ఒక ఎమ్మార్సీ, దాని చుట్టూ సిబ్బంది వచ్చిండ్రు. ప్రాజెక్టు పేరు మారింది, సర్వ శిక్ష అయింది, సమగ్ర శిక్ష అయింది. పని చేసేటోళ్ల కాంట్రాక్టు మాత్రం మారలే. 2024 డిసెంబర్ల తెలంగాణ సమగ్ర శిక్ష ఉద్యోగులు, సీఆర్పీలు, కేజీబీవీ మేడాలు సమ్మె చేసి రోడ్డు మీద కూసున్నది ఇందుకే. ముప్పై ఏండ్ల కింద తాత్కాలికమని పెట్టిన పద్ధతి ఇయ్యాల మన అక్కల జీవితమైంది.

ఇంకో తీరు యూరప్ పైసలు కూడా మన దగ్గర ఉన్నయి. సర్కార్లు ఇచ్చేటివి కావు, మామూలు జనం ఇచ్చేటివి. అనంతపురంల విన్సెంట్ ఫెర్రర్ 1969ల మొదలువెట్టిన ఆర్డీటీకి స్పెయిన్ కుటుంబాలు నెలనెల చందా పంపుతయి. ఆ పైసలతోని దళితవాడల పిల్లలకు పొద్దున, సాయంత్రం అదనంగ చదువు చెప్పే బడులు నడిచినయి. 2025ల ఆ సంస్థ ఎఫ్‌సీఆర్ఏ రెన్యువల్ చిక్కుల పడితే అనంతపురం జనం రోడ్ల మీదికి వచ్చిండ్రు. ఆ జనం గోస నిజమైనది, వాళ్ల పక్కన నిలబడాల్సిందే. దాంతోపాటు ఒక ప్రశ్న కూడా అడగాలె. సాయంత్రం పూట పిల్లకు లెక్కలు చెప్పే ఏర్పాటు ఒక ఆఫీసుల ఆగిన కాయితం మీద ఎందుకు ఏలాడాలె? సర్కారు బడి పని సర్కారు బడే సరిగ్గ చేస్తే ఆ భయం ఉండదు గదా.

మరి చేస్తున్నదా? 2024-25 యూడైస్ లెక్కల ఒక్క పిల్ల కూడా లేని బడులు దేశంల 7,993. అండ్ల తెలంగాణవి 2,245. పశ్చిమ బెంగాల్ తర్వాత మనమే. 2025-26 తెలంగాణ బడ్జెట్ 3,04,965 కోట్లు, అండ్ల విద్యకు 23,108 కోట్లు, అంటే నూటికి ఏడున్నర రూపాయలు. కొఠారి కమిషన్ 1966లనే దేశ ఆదాయంల 6 శాతం చదువుకు పెట్టాలన్నది. 2020 జాతీయ విద్యా విధానం మళ్ల అదే 6 శాతం రాసింది. అరవై ఏండ్ల సంది రాసుడే, పెట్టుడు లేదు. 5 తరగతులకు ఒక్క సారు ఉంటే, తల్లి అప్పు చేసైనా పిల్లను ప్రైవేటు బస్సు ఎక్కిస్తది. ఆ తల్లిని తప్పు పట్టి లాభం లేదు.

అందుకే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఒక పని చెప్తున్న. మీ ఊరి బడికి పోండ్రి. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల ఎవరెవరున్నరో చూడుండ్రి, మీటింగ్ ఎప్పుడైందో రిజిస్టర్ అడుగుండ్రి. 60 మంది పిల్లల దాక ఇద్దరు సార్లు ఉండాలని విద్యా హక్కు చట్టం చెప్తది, మీ దగ్గర ఎందరున్నరో లెక్కవెట్టుండ్రి. తక్కువుంటే ఆ లెక్క కాయితం మీద రాసి ఎంఈవోకు ఇయ్యుండ్రి, రసీదు తీసుకోండ్రి. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడుగుండ్రి.

ఏ కంపెనీ అయినా, ఏ ఫౌండేషన్ అయినా, ఏ దేశమైనా మీ బడికి డిజిటల్ బోర్డు తెచ్చినా, ట్రైనింగ్ ఇచ్చినా వద్దనకుండ్రి. మంచిది ఏడికెళ్లి వచ్చినా తీసుకోవాలె. గని ఫొటో దిగేముందు ఒక్క మాట అడుగుండ్రి: "మీ ప్రాజెక్టు అయిపోయిన మరుసటి నెల దీని ఖర్చు ఎవరు పెడతరు, ఆ మాట ఏ జీవోల ఉన్నది?" జీవో చూపిస్తే చప్పట్లు కొట్టుండ్రి. లేదంటే ఆ ప్రశ్న తీసుకపోయి సర్పంచును అడుగుండ్రి, ఎమ్మెల్యేను అడుగుండ్రి. పన్ను మనం కడుతున్నం, అడిగే హక్కు మనకున్నది.